ప్రార్థన మధ్యలో వెళ్లిన మనిషి

మంగళవారం, జెరూసలేం.

ఈ ఉదయం కూడా ఎప్పటిలాగే సబాను చక్రాల కుర్చీలో యూదుల ప్రార్థనా మందిరమైన సినగాగుకు తీసుకువెళ్లాను. నేను సంరక్షకుడిగా ఉంటున్న ఇంటి పెద్దాయనను ఇక్కడి వాడుక ప్రకారం సబా అని, అంటే తాతయ్య అని, పిలుస్తాను. అందరూ పాదాలు జోడించి నిలబడి, పెదవులు మాత్రమే కదుపుతూ, ఆశీర్వచనాల వరుసగా సాగే ప్రధాన ప్రార్థన అమీదాను చదువుకుంటున్న సమయంలో మా ముందు వరుసలోని ఒక వ్యక్తి జేబులో ఫోను మోగింది. ఆయన తల్లీత్ శాలువాను బల్ల మీద వదిలేసి, తల మీద, చేతి మీద కట్టుకున్న తెఫిలీన్‌తోనే, అంటే లేఖన భాగాలుండే చిన్న తోలు పెట్టెలతోనే, బయటకు పరుగెత్తాడు. ఆయన అత్యవసర వైద్య సహాయం అందించే యునైటెడ్ హత్సలా సంస్థలో స్వచ్ఛంద సేవకుడని, నారింజ రంగు చొక్కాను, ఆక్సిజన్‌ను, గుండెకు షాక్ ఇచ్చే యంత్రాన్ని మోటారు సైకిలు పెట్టెలో ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంటాడని నాకు తెలుసు. అమీదా చదువుతున్నవారి ముందు నాలుగు మూరల దూరం లోపల ఎవరూ నడవకూడదన్న నియమం ఇక్కడ చిన్నపిల్లలు కూడా పాటిస్తారు. ఆయన ఆ వరుసలో అందరి ముందునుంచీ దూసుకుపోయినా ఒక్కరి ముఖంలోనూ అసహనం కనిపించలేదు.

ప్రార్థన ముగిసి, మేము బయలుదేరబోతుండగా ఆయన తిరిగి వచ్చాడు. చేతులు కడుక్కుని, తూర్పు వైపు గోడ దగ్గర ఒంటరిగా నిలబడి, అమీదాను మొదటి ఆశీర్వచనం నుంచి ప్రారంభించాడు. ఎవరికి ఏమైందో ఎవరూ అడగలేదు, ఆయన కూడా చెప్పలేదు.

మళ్లీ మొదటినుంచి ఎందుకు చదివాడని ఇంటికి వచ్చాక సబాను అడిగాను. జీవితమంతా పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి కనుక, ఆయన ఫలహారం పక్కకు జరిపి, యూదుల ధర్మచర్చల గ్రంథమైన తాల్ముద్‌లో ప్రార్థనల గురించిన బెరఖోత్ భాగాన్ని తెరిపించారు. రాజు పలకరించినా అమీదా మధ్యలో బదులు చెప్పకూడదని, పాము మడమకు చుట్టుకున్నా ప్రార్థన ఆపకూడదని తాల్ముద్‌కు మూలమైన ధర్మసూత్రాల సంకలనం మిష్నా చెబుతుంది. నిజామాబాద్ జిల్లాలో వరి పొలాల మధ్య పెరిగిన నాకు ఆ మాట ఎంతమాత్రం మింగుడుపడలేదు. సబా పేజీ తిప్పకుండానే తరువాతి మాట చెప్పారు: రాజు విషయం ఇశ్రాయేలు రాజులకే వర్తిస్తుందని, బదులివ్వకపోతే ప్రాణం తీయగల పరాయి రాజైతే ఆపవలసిందేనని ఒక పండితుడు వివరించాడు, తేలు అయితే వెంటనే ఆపాలని రవ్ షేషెత్ అనే మరో పండితుడు అన్నాడు. కదిలించకపోతే పాము సాధారణంగా కాటు వేయదు, తేలు మాత్రం కుట్టి తీరుతుందని వారి లెక్క. పదహారవ శతాబ్దంలో యోసెఫ్ కారో కూర్చిన యూదు ధర్మశాస్త్ర సంగ్రహం షుల్హాన్ అరూఖ్ ఇంకా ముందుకు వెళ్లి, పాము కోపంగా ఉన్నట్లు కనిపిస్తే దానికోసం కూడా ఆపాలని చెబుతుంది. మాట్లాడకుండా పక్కకు కదిలి పామును వదిలించుకోవడానికీ అనుమతి ఉంది. మడమ దగ్గర నిజమైన పామును చూసినవారే ఇంత వివరంగా ఆలోచించగలరని నాకు అనిపించింది.

పనులు నిషేధమైన వారాంతపు విశ్రాంతి దినం సబ్బాతు విషయంలోనూ ఇదే దారి. ఒక మనిషి మీద కట్టడం కూలితే, అతను దాని కింద ఉన్నాడో లేడో, బతికి ఉన్నాడో లేడో తెలియకపోయినా, ఆ సందేహంతోనే సబ్బాతునాడు శిథిలాలు తొలగించాలని మిష్నా ఆదేశిస్తుంది. బైబిలులోని లేవీయకాండంలో ఆజ్ఞల వల్ల మనిషి బతుకుతాడని ఉన్న మాటను పట్టుకుని, వాటి వల్ల చావకూడదు కదా అని తాల్ముద్ పండితుడు షెమూయెల్ వాదించాడు. అన్నిటికన్నా నా మనసును పట్టి కుదిపినది మరొక మాట: ప్రాణాపాయంలో త్వరపడేవాడు ప్రశంసనీయుడు, చేయవచ్చునా అని అడుగుతూ నిలబడేవాడు రక్తం చిందించినవాడితో సమానం. గుండె ఆగిన మనిషి విషయంలో మొదటి కొద్ది నిమిషాలు ఏమిటో ఈ వృత్తిలో ఉన్న మాకు శిక్షణలో నేర్పుతారు. ఆ నిమిషాలు అనుమతుల కోసం ఖర్చు కాకూడదనే, సమాధానాన్ని ఎన్నో శతాబ్దాల ముందే చెప్పి ఉంచారని నేను నమ్ముతున్నాను.

నేను అడిగిన ప్రశ్నకు జవాబు చివరికి వచ్చింది. ఆగిన సమయం మొత్తం ప్రార్థనకు పట్టే సమయాన్ని మించితే మొదటికి వెళ్లాలి. అంతకంటే తక్కువైతే ఆగిపోయిన ఆశీర్వచనం ఆరంభానికి వెళ్తే చాలు. వెళ్లినవాడు తిరిగి వస్తాడని, అతనికి చోటు ఉండాలని ఈ చట్టం ముందే ఆలోచించింది. సబ్బాతునాడు నడకకు ఉన్న హద్దు దాటి దూరం వెళ్లిన మంత్రసానికి, వరదనుంచో అగ్నినుంచో మనుషులను కాపాడటానికి వెళ్లినవారికి, చేరుకున్న చోటినుంచి ఏ దిక్కుకైనా 2000 మూరలు నడిచే హక్కును పెద్ద రబ్బాన్ గమలీయేలు అనే ప్రాచీన ధర్మగురువు కల్పించడం కూడా ఇందుకే.

సబా తన అనుభవాన్ని రెండు మాటల్లోనే ముగించారు. 1973 అక్టోబరు 6న, యూదుల ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పుర్ ఉపవాసం నాటి మధ్యాహ్నం, యుద్ధం మొదలై, సైరన్లు మోగి, ఆ రోజంతా మూగగా ఉన్న రేడియో రిజర్వు సైనికులను పిలిచినప్పుడు ఆయన సినగాగులోనే ఉన్నారట. పేరు పిలిచారు, వెళ్లాను అన్నారు. నేను పొడిగించి అడగలేదు.

సబ్బాతునాడు ప్రాణం కాపాడే పనిని యూదేతరులకో పిల్లలకో అప్పగించకుండా ఇశ్రాయేలు పెద్దలే, పండితులే చేయాలని మధ్యయుగాల యూదు ధర్మవేత్త మైమోనిడీస్ రాసినది సబా చూపించినప్పుడు, ఈ ఇంట్లో యూదేతరుడిని నేనే కనుక, నాకే ఏదైనా జరిగితే మీ ప్రార్థన ఆగుతుందా అని నేరుగా అడిగాను. పాత గ్రంథాలలో ఆ విషయంపై చర్చ ఉందని ఆయన దాచలేదు. నేటి ఆచరణలో ఆసుపత్రులు, హత్సలా ఎవరి మతమూ అడగవని, తూర్పు జెరూసలేంలో ఆ సంస్థ తరఫున అరబ్బు సేవకులు పనిచేస్తున్నారని చెప్పి, నా చేయి పట్టుకుని, "నీకు ఊపిరి అందకపోతే నేను ఏ ఆశీర్వచనంలో ఉన్నా నా భుజం తట్టు" అన్నారు. తనకు అలా జరిగితే చుట్టూ ఎవరు ప్రార్థనలో ఉన్నా గట్టిగా పిలవమని కూడా చెప్పారు.

అత్యవసర సేవ 101కు ఫోను చేసి ఈ ఇంటి చిరునామాను, అంతస్తును హీబ్రూలో తడబడకుండా చెప్పడం రేపు ఆయన కుమార్తె వచ్చినప్పుడు మరోసారి సాధన చేయాలి.