అన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా, ఇంకా లైబ్రరీ ఎందుకు?

విజయనగరం జిల్లాలో ఓ చిన్న ఊళ్ళో శాఖా గ్రంథాలయం చూసుకుంటాను. పెళ్ళికెళ్ళినా, పేరంటానికెళ్ళినా నన్ను అడిగేది ఒకటే. "అన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదమ్మా, ఇంకా మీ దగ్గరికి ఎవరొస్తన్నారు?" మా మేనల్లుడికి ఆ మాత్రం మొహమాటం కూడా లేదు. "అత్తా, నీ ఉద్యోగం ఇంకెన్నాళ్ళుంటాది?" అనేస్తాడు. పదిమందిలో దీనికి జవాబు చెప్పడం మొదలెడితే భోజనాలు చల్లారిపోతాయి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఎవరొస్తారంటే, పొద్దున్నే పేపర్ల కోసం పెద్దవాళ్ళొస్తారు. వాళ్ళు వెళ్ళేసరికి గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ పోస్టులకీ చదివే పిల్లలు దిగుతారు. పుస్తకాలు వాళ్ళవే, నోట్సు వాళ్ళదే, వీడియో క్లాసులు ఫోన్లో. మా బీరువా తలుపు తీసేవాళ్ళు తక్కువ. వాళ్ళకి కావలసింది కుర్చీ, ఫ్యాను, ఛార్జింగ్ ప్లగ్గు, మధ్యమధ్యలో ఎవరూ పని చెప్పని చోటు. ఊళ్ళో చాలా ఇళ్ళలో ఆడపిల్లకి ఈ చివరిది దొరకదు. కాబట్టి ఎక్స్‌టెన్షన్ బాక్సు కోసం పైవాళ్ళకి కాగితాలు రాయడం కూడా ఈమధ్య నా ఉద్యోగంలో భాగమైపోయింది. హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసిపెట్టడం, వాట్సాప్‌లో వచ్చిన నోటిఫికేషన్ నిజమో కాదో అసలు వెబ్‌సైట్‌కి వెళ్ళి చూపించడం, అప్లికేషన్ ఫీజు ఎవడి ఖాతాకో కట్టకుండా ఆపడం, ఇవన్నీ కూడానూ. ఇవేవీ మాకు లైబ్రరీ సైన్సులో చెప్పలేదు.

చెప్పినవేంటంటే, కొత్త పుస్తకం రాగానే యాక్సెషన్ రిజిస్టర్లో, అంటే వచ్చిన పుస్తకాల పద్దులో ఎక్కించాలి, ముద్ర కొట్టాలి, ఏ విషయం పుస్తకమో చెప్పే డ్యూయీ నంబరు వేసి అంటించాలి (తెలుగు సాహిత్యం 894.827, నిద్రలో లేపి అడిగినా చెప్తాను), రచయిత పేరుకో కార్డు, పుస్తకం పేరుకో కార్డు, విషయానికో కార్డు రాయాలి. పెద్ద లైబ్రరీల్లో ఇదంతా కంప్యూటర్లోకి వెళ్ళిపోయింది. 2000లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన కోహా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మన కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ వాళ్ళ ఈ-గ్రంథాలయ ఉంది. నా దగ్గర మాత్రం ఇప్పటికీ పద్దు పుస్తకమే. నిజానికి నేను దీన్ని పెద్ద మార్పు అనుకోను. రాసే చోట టైపు కొడుతున్నాం, అంతే.

అసలు మార్పు వెతకడంలో వచ్చింది. గురజాడ తిరిగిన జిల్లా కాబట్టి మా దగ్గరికి వచ్చే డిగ్రీ పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు కన్యాశుల్కం అడుగుతారు. "పీడీఎఫ్ దొరికింది మేడమ్, పుస్తకం అక్కర్లేదు" అని చెప్పడానికి వచ్చేవాళ్ళూ ఉంటారు. ఏ పీడీఎఫ్ అని అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. ఆ నాటకం మొదట అచ్చయింది 1897లో. 1909లో వచ్చిన రెండో కూర్పుని గురజాడ దాదాపు కొత్తగా రాసి, బాగా పెంచారు. మనం చదివేదీ, స్టేజీ మీద చూసేదీ ఈ రెండోదే. మొదటి కూర్పు దించుకుని, రెండో కూర్పు మీద ఎవరో రాసిన విమర్శ పక్కన పెట్టుకుని, ఇందులో ఆ సీను లేదేంటని తల పట్టుకున్న పిల్లని చూశాను. ఫోను ఆ అమ్మాయికి పుస్తకం ఇచ్చింది గానీ, ఏది కావాలి తల్లీ అని అడగలేదు.

పేర్లతో ఇంకో తంటా. సీతంపేట వైపు పనిచేసే ఓ టీచరుగారు గిడుగు వారి సవర (అక్కడి గిరిజనుల భాష) నిఘంటువు కోసం ఇంటర్నెట్టంతా గాలించి, లేదని తేల్చుకుని వచ్చారు. మనకి ఆయన గిడుగు రామమూర్తి పంతులు. 1931లో వచ్చిన సవర మాన్యువల్ మీదా, 1938 నాటి సవర-ఇంగ్లీషు నిఘంటువు మీదా ఇంగ్లీషులో ఇంటిపేరు పొట్టి అక్షరమైపోయి జి.వి. రామమూర్తి అని ఉంటుంది, అదీ చివర్లో మనం ఇప్పుడు రాసే హెచ్ లేకుండా. నిఘంటువు పేరులో సవర అన్న మాటకి బదులు సోర అని ఉంటుంది. మనం తెలుగులో గిడుగు అని కొడితే ఆ పుస్తకం ఎందుకు పలుకుతుంది? ఒకే మనిషి ఎన్ని పేర్లతో అచ్చులోకెక్కినా అన్నిటినీ ఒక చోటికి కట్టేసే పద్ధతి లైబ్రరీల్లో ముందునుంచీ ఉంది, దాన్ని అథారిటీ ఫైల్ అంటారు. చదువుకునే రోజుల్లో దానంత విసుగు సబ్జెక్టు ఇంకోటి లేదనుకునేదాన్ని.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ స్కాన్ చేశారు. ఆ సైటు మూతపడినా చాలా పుస్తకాలు ఆర్కైవ్.ఆర్గ్‌లో బతికే ఉన్నాయి. గొప్ప పనే, కాదనను. కానీ పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా పడితే అలా ఎక్కించారు, కొన్నిటికి రచయిత పేరు ఉండాల్సిన చోట ఇంకేదో ఉంటుంది. పేజీలన్నీ ఫొటోలు కాబట్టి చాలావాటిలో లోపలి మాటల్ని సరిగ్గా వెతకలేం. అన్ని కంప్యూటర్లలో తెలుగు అక్షరాలకి ఒకే కోడు ఇచ్చే యూనికోడ్ రాకముందు ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లది ఇంకో కథ, కంటికి తెలుగే కనిపిస్తుంది, కాపీ చేస్తే పిచ్చి గీతలొస్తాయి.

ఈ విషయంలో శ్రీకాకుళం వాళ్ళు ఎంత గర్వపడినా తక్కువే. కథకులు కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో అక్కడ కథానిలయం పెట్టారు. తెలుగు కథలకోసమే ఒక లైబ్రరీ! పాత పత్రికలు పోగుచేసి, ఏ కథ ఎవరిది, ఏ పత్రికలో ఎప్పుడు పడిందో పట్టీలు తయారుచేశారు. ఇప్పుడవి ఆన్‌లైన్లో ఉన్నాయి, చాలా కథలకి స్కాన్లు కూడా. అమెరికాలో కూర్చున్నవాళ్ళు మా పక్క జిల్లా పట్టీలో కథ వెతుక్కుంటున్నారు. ముందు ఎవరో ఒకరు ఆ పట్టీ రాయబట్టే కదా స్కానుకి విలువ వచ్చింది. మా మేనల్లుడికి నా జవాబు దాదాపు ఇదే.

కొత్తగా ఇంకోటి మొదలైంది. ఏఐని అడిగి పుస్తకాల లిస్టు రాసుకొస్తున్నారు పిల్లలు. ఉత్తరాంధ్ర జానపద గేయాల మీద ప్రాజెక్టు అని ఒక అబ్బాయి చూపించాడు. పేర్లు ఎంత బాగున్నాయో, పబ్లిషరు, సంవత్సరం అన్నీ ఉన్నాయి. సగానికి సగం పుస్తకాలు లోకంలో లేవు. లేని పుస్తకం లేదని నమ్మించడం ఉన్న పుస్తకం వెతకడం కంటే కష్టం, నేను సరిగ్గా చూడలేదేమోనని వాడి అనుమానం! వాడి ఎదురుగానే రెండు మూడు పెద్ద కేటలాగులు తీసి వెతికితే గానీ నమ్మలేదు. మన దేశంలో లైబ్రరీ సైన్సుకి పితామహుడైన రంగనాథన్ గారి ఐదు సూత్రాల్లో నాలుగోది, పాఠకుడి సమయం ఆదా చెయ్యమని. ఆ సాయంత్రం ఇద్దరి సమయమూ పోయింది గానీ, ప్రాజెక్టులో తప్పుడు లిస్టు పెట్టే గండం తప్పింది.

నా పద్దు పుస్తకాన్ని మాత్రం నెమ్మదిగా ఎక్సెల్లోకి ఎక్కిస్తున్నాను. ప్రతి రచయిత పేరూ తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. ప్రస్తుతానికి 'క' దగ్గర ఉన్నాను. బొబ్బిలి, చీపురుపల్లి, రాజాం వైపు ఎవరి అటక మీదైనా పాత పత్రికలుంటే కిలోల లెక్కన వేసెయ్యకండి, ముందు కథానిలయం వాళ్ళనో, దగ్గర్లో ఉన్న లైబ్రరీనో అడగండి. అట్ట ఊడిపోయినా పర్లేదు, నెలా సంవత్సరం ఉన్న పేజీ మాత్రం చింపకండి.