స్పానిష్ వాళ్లింట్లో ఉండి చదవబోయే కావలి, ఒంగోలు పిల్లలకు

స్పానిష్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోకండి, తెలుగు మీదుగా పట్టుకోండి. మనం 'నాకు కాఫీ ఇష్టం' అన్నట్టే అక్కడ 'మె గుస్తా ఎల్ కఫే'. ఇంగ్లీషులో ఆలోచించేవాళ్లు 'యో గుస్తో' అని తప్పులో కాలేస్తారు. 'మాట్లాడతాను'లో 'నేను' దాగినట్టే 'అబ్లో'లో 'యో' దాగుంటుంది. ప్రతి వాక్యానికీ 'యో' తగిలిస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది.

మనవాళ్లు బోల్తా పడేది ఊనిక దగ్గర. 'అబ్లో'లో మొదటి అక్షరాన్ని ఒత్తితే 'మాట్లాడతాను', చివరిదాన్ని ఒత్తితే 'అతను మాట్లాడాడు'. మనకేమో ఒత్తడం కన్నా దీర్ఘం తీయడమే అలవాటు. 'పెరో' అంటే కానీ, 'పెర్రో' అంటే కుక్క. నాలుక కొసని అదిరించడం రోజూ పది నిమిషాలు సాధన చేయండి.

స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండు, మూడు మధ్య. రాత్రి భోజనం తొమ్మిది దాటాకే. ఎనిమిదింటికే కంచం ముందేసుకునే అలవాటుంటే సాయంత్రం ఏదైనా కొరకండి. శాకాహారులు 'మాంసం వద్దు' అని ఊరుకుంటే కూరలో ట్యూనా చేపో, హామోన్ (ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టిన పంది మాంసం) ముక్కలో తేలొచ్చు. 'ని కార్నె, ని పెస్కాదో, ని హామోన్' (మాంసమూ వద్దు, చేపా వద్దు, హామోనూ వద్దు) అని విడివిడిగా చెప్పాలి. 'తోర్తియా' స్పెయిన్‌లో బంగాళాదుంప, గుడ్ల అట్టు. మెక్సికోలో మాత్రం రొట్టె.

'కొహెర్' అనే క్రియతో జాగ్రత్త. స్పెయిన్‌లో బస్సు పట్టుకోవడానికి మామూలు మాటే, మెక్సికో, అర్జెంటీనాల్లో బూతు. అక్కడ 'తొమార్' వాడండి.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి తెలుగు రూమ్మేటే.