పర్లాకిమిడి ఫిడేళ్లు, వాటి లోపలి పని

బాగుచేయమని ఏ ఫిడేలు నా బల్ల మీదికి వచ్చినా ముందు ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి టార్చి వేసి లోపలికి చూస్తాను. ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలోనూ, పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం, టెక్కలి వైపు ఇళ్లలోనూ అటకల మీద పడున్న పాత ఫిడేళ్లలో చాలావాటికి లోపల ఒకేలాంటి చీటీ అంటించి ఉంటుంది. ఆంటోనియస్ స్ట్రాడివేరియస్, క్రెమోనా, పదిహేడు వందల చిల్లర సంవత్సరం. ఆ పేరు చదివి వినిపించగానే ఇంటివాళ్ల మొహాలు మారిపోతాయి. "ఇది కోట్లు పలుకుతుందంట కదా బాబూ, ఫోన్లో చూశాం" అంటారు.

పలకదండీ. ఆ చీటీ మీది పేరు స్ట్రాడివరిది, ఇటలీలో క్రెమోనా ఊళ్లో ఫిడేళ్లు చేసిన మహా పనివాడు. ఆయన 1737లోనే పోయాడు. మన ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా ఆయన తర్వాత నూట యాభై, రెండొందల ఏళ్లకు జర్మనీలో మార్క్‌నొయ్‌కిర్షెన్ చుట్టుపక్కల ఊళ్లలోనూ, ఇప్పటి చెక్ దేశంలో ఉన్న బొహీమియాలోనూ తయారై ఓడలెక్కి వచ్చిన సరుకు. ఏ నమూనా చూసి చేశారో చెప్పడానికి ఆ పేరు అచ్చు వేసేవాళ్లు. విదేశీ సరుకు మీద దేశం పేరు ఉండాలని బ్రిటన్ 1887లో, అమెరికా 1890లో చట్టాలు తెచ్చాయి. అందుకే చీటీ కింద 'మేడ్ ఇన్ జర్మనీ' అని ఉంటే అది ఆ తర్వాతి వస్తువేనని దాదాపు చెప్పేయొచ్చు.

ఇంకో సంగతి చెబితే చాలామంది నమ్మరు. అవి కూడా చేత్తో చేసినవే. అక్కడ ఒక ఇంట్లో ఫిడేలు తలలు మాత్రమే చెక్కేవారు, ఇంకో ఇంట్లో పై చెక్కలు, మరో ఇంట్లో మెడలు. వ్యాపారి అన్నీ పోగుచేసి అతికించి, రంగు వేయించి డజన్ల లెక్కన పంపేవాడు. తల చెక్కినవాడి చేతిలో గొప్ప పనితనం ఉండేది, ఆ మెలికలు చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కానీ పై చెక్క గీసినవాడు ఆ ఫిడేలు మోగగా ఎప్పుడూ వినలేదు. అందుకని ఈ రోజుల్లో ఎవరైనా "హ్యాండ్‌మేడ్" అని ఎక్కువ ధర చెబితే నేను మొదట అడిగేది, మొదటినుంచి చివరి వరకు ఒక మనిషి దాన్ని వింటూ చేశాడా అని.

మా నాన్నగారు టేకుతో, గుగ్గిలం చెక్కతో తలుపులూ కిటికీలూ చేసేవారు. నాకు చిత్రిక పట్టడం, ఉలి నూరడం అక్కడే పట్టుబడ్డాయి. మా ఊరు కొమ్ము పనికి పేరున్న ఊరు. సన్న ఆకురాయితో వెంట్రుకంత మందం తీయడం మాత్రం ఆ కొమ్ము పనివాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఇప్పటికీ తీగలు ఆనే చిన్న మెట్టుకి నల్ల చేవ దొరక్కపోతే మా ఊరి కొమ్ము ముక్కే వాడతాను, బాగా నిలుస్తుంది.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే చోటికి వెళ్లినవాళ్లకి తెలుస్తుంది. వాళ్లు పనస మొద్దును తొలుచుకుంటూ పోతారు, ఏకాండి వీణైతే మొత్తం ఒకే మొద్దు. ఫిడేలు తీరు పూర్తిగా వేరు. దాదాపు డెబ్భై ముక్కలు అతికించిన పల్చటి పెట్టె అది. చుట్టూ గోడ 1 మిల్లీమీటరు చెక్క, పై చెక్క రెండున్నర నుంచి 3 మిల్లీమీటర్లు, వెనక చెక్క మధ్యలో నాలుగున్నర, అంచుల దగ్గరికి వచ్చేసరికి రెండున్నర. పాశ్చాత్య పద్ధతిలో శ్రుతి చేస్తే ఈ పెట్టె మీద నాలుగు తీగల బిగువు 20 కిలోల పైమాటే. అంత బరువుకి కూలకూడదు, అలాగని బిగుసుకుపోయి మూగదవకూడదు. పనంతా ఆ రెండింటి మధ్య ఉన్న సందులో జరగాలి.

పై చెక్కకి స్ప్రూస్ అనే చలి ప్రాంతపు చెట్టు చెక్క వాడతారు. మా మహేంద్రగిరి వైపు కొండల్లో అది దొరకదు, బయటినుంచి తెప్పించాల్సిందే. గుగ్గిలం చెక్కతో చేయకూడదా అని కుర్రాళ్లు అడుగుతుంటారు. ద్వారబంధానికి అంత మంచి చెక్క లేదు గానీ ఫిడేలుకి బరువెక్కువ. స్ప్రూస్ తేలిక, అయినా నార పొడుగునా గట్టి. శబ్దం నార పొడుగునా ప్రయాణించే వేగం అడ్డంగా వెళ్లే వేగానికి కొన్ని రెట్లు ఉంటుంది. ఆల్ప్స్ కొండల్లో చలికి నెమ్మదిగా పెరిగిన చెట్టుకి వలయాలు సన్నగా, దగ్గర దగ్గరగా పడతాయి. ఇటలీలో ఫియెమ్మె లోయ చెట్లకి అందుకే అంత పేరు. వెనక చెక్క, గోడలు, మెడ మేపుల్‌తో చేస్తారు.

గీసేటప్పుడు కొలత పరికరం పక్కనే ఉంటుంది, కానీ చివరి మాట దానిది కాదు. చెక్కను రెండు వేళ్లతో పై అంచు దగ్గర వేలాడదీసి, వేలి కణుపుతో మధ్యలో తడతాను. మందం ఎక్కువగా ఉంటే తడి గోనె మీద కొట్టినట్టు వినిపిస్తుంది. కొంచెం కొంచెం గీస్తూ తడుతుంటే ఒక దశలో స్వరం తేలుతుంది, తట్టిన తర్వాత కూడా కాస్త సేపు నిలుస్తుంది. ఒకే దుంగలోంచి పక్కపక్కనే కోసిన రెండు పలకలు కూడా ఒకే మందం దగ్గర ఆ దశకు రావు. ఇంకా గీస్తే మొదట్లో గొంతు పెద్దగా ఉన్నట్టే ఉంటుంది, కొన్నేళ్లకి చెక్క కుంగుతుంది. ఎక్కడ ఆపాలో యంత్రానికి ముందే చెప్పి పెట్టడం కుదరదని నా గట్టి నమ్మకం.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాని ఎంత దెబ్బతీసిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. అది వెళ్లిన కొన్నాళ్లకి ఒక పెద్దావిడ గుడ్డ సంచీలో ముక్కలు పట్టుకొచ్చారు. ఇంటి కప్పు లేచిపోయి, ఫిడేలు పెట్టెతో సహా వాన నీళ్లలో నానిపోయింది.

"మా మావగారిది నాయనా. విజయనగరంలో నేర్చుకున్నారు. ఇంక పొయ్యిలోకే అంటున్నాడు మావాడు."

ముక్కలన్నీ బల్ల మీద పరిచి చూశాను. "పొయ్యిలో పెట్టకండమ్మా. ఇది విరగలేదు, విడిపోయిందంతే."

ఫిడేలుకి వాడే బంక తోలు ఉడికించి తీసింది. వేడి నీళ్లు, తేమ తగిలితే వదిలేస్తుంది. కావాలనే అలాంటిది వాడతారు. చెక్క ఉబ్బినా కుంచించుకున్నా ముందు అతుకు విడిపోవాలి, చెక్క చీలకూడదు. ఆ ఫిడేలులో పెట్టెకి ఉన్న అతుకులన్నీ శుభ్రంగా విడిపోయాయి, పై చెక్క మీద ఒక్క బీట లేదు. మెడ దగ్గర మాత్రం ఎప్పుడో ఎవరో కుర్చీలకి వాడే తెల్ల బంక పూశారు. అక్కడ అతుకు వదలక చెక్క చిరిగింది. నా పనిలో సగం శ్రమ ఆ తెల్ల బంకను గీకడానికే పట్టింది.

పై చెక్క తిరగేస్తే లోపల అసలు సంగతి కనిపించింది. మంద్ర తీగ వైపు, తీగల్ని మోసే బ్రిడ్జి కింద, పై చెక్కకి లోపల ఒక పొడుగు పట్టీ ఉండాలి, బేస్ బార్ అంటారు. విడిగా చేసి, చెక్క వంపుకి సరిగ్గా నప్పేలా గీసి అతికించాలి. ఇందులో అలా చేయలేదు. పై చెక్కని తొలిచేటప్పుడే అక్కడ కొంత చెక్క తీయకుండా వదిలేశారు. టైం కలిసొస్తుందని చవక రకం వాటికి అలా చేసేవారు. మూలల్లో ఉండాల్సిన దిమ్మలూ లేవు. పై చెక్క మందం మధ్యలో నాలుగున్నర దాకా ఉంది.

పేరున్న పనివాడి ఫిడేలైతే నేను చెక్క ముట్టుకోను, అతికించి ఇచ్చేస్తాను. అది ఆయన నిర్ణయం, దాన్ని మార్చే హక్కు నాకు లేదు. కానీ ఇక్కడ ఎవరూ నిర్ణయం తీసుకోలేదు, తొందరలో వదిలేశారు. ఆవిడకి అంతా చూపించి, ఒప్పుకున్నాకే గీశాను. పాత పట్టీ తీసేసి కొత్త బార్ అతికించాను, మూలలకి దిమ్మలు పెట్టాను.

ఆవిడ మనవడు వచ్చి వాయించాడు. మంద్ర షడ్జం గది నిండా పాకింది. ఆవిడ కళ్లు మూసుకుని విని, "ఇది మా మావగారి ఫిడేలు గొంతు కాదు నాయనా" అన్నారు. కాసేపాగి, "బాగుంది గానీ" అన్నారు. ఆ రెండు మాటలూ నిజమే.

విజయనగరం అన్నాను కదా. అక్కడి మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ఆచార్యులు. మా ఊరు కొత్త ఒడిశా రాష్ట్రంలోకి వెళ్లిన 1936లోనే నాయుడు గారు అక్కడ ప్రిన్సిపాల్ అయ్యారు. రాష్ట్రం మారినా పాట మాత్రం అటువైపే చూసింది. అప్పట్లో విజయనగరం వెళ్లాలంటే నౌపడా వరకు చిన్న రైలు, అక్కడినుంచి మద్రాసు లైను పెద్ద రైలు.

మన పద్ధతిలో వాయించిన ఫిడేలుని నేను రంగు చూసి గుర్తుపడతాను. పాశ్చాత్యులు గడ్డం కింద నొక్కి పట్టుకుంటారు కాబట్టి వార్నిష్ పెట్టె అంచు మీద అరుగుతుంది. మనవాళ్లు కింద కూర్చుని తలభాగాన్ని కుడికాలి చీలమండ మీద ఆనిస్తారు, అందుకని మెలిక దగ్గర అరుగుతుంది. శ్రుతి కూడా వేరు. వాళ్ల పై తీగ సుమారు 659 హెర్ట్జ్. మనం రెండు శ్రుతికి, అంటే వాళ్ల 'డి' స్వరాన్ని షడ్జంగా పెట్టుకుని, స-ప-స-ప కూర్చుకుంటే అదే తీగ 440 దగ్గర ఉంటుంది. బిగువు తగ్గుతుంది, గమకానికి వేలు సుఖంగా జారుతుంది. కానీ వాళ్ల బిగువుకి సరిపెట్టిన బ్రిడ్జి, పెట్టె లోపల పై చెక్కకీ వెనక చెక్కకీ మధ్య నిలబెట్టే పుల్ల మనకి అలాగే పనికిరావు. కొత్త ఫిడేలు కొని "మోగట్లేదు మావయ్యా" అంటూ వచ్చే పిల్లలకి చాలాసార్లు నేను చేసేది ఇంతే. బ్రిడ్జి పాదాలు చెక్కకి అతుక్కునేలా గీయడం, పైభాగం పల్చన చేయడం, పుల్లను అర మిల్లీమీటరు జరపడం. అంత చిన్న జరుపుకే గొంతు తేడా వినిపిస్తుంది.

కమాను గురించి రాయాలంటే ఇంకో పోస్టు కావాలి. బ్రెజిల్ చెట్టు పెర్నాంబుకో కర్ర, దాని మీద 2007 నుంచి అంతర్జాతీయ ఆంక్షలు, మన వానాకాలంలో సాగిపోయే గుర్రపు వెంట్రుకలు, చాలా ఉంది.

పాతదే గొప్పదని పట్టుబట్టేవాళ్లకి ఒకటి చెబుతాను. 2010లో అమెరికాలో ఇండియానాపోలిస్‌లో 21 మంది వయొలినిస్టులకి వెల్డింగ్ కళ్లద్దాల్లాంటివి పెట్టి, మసక చీకట్లో ఆరు వయొలిన్లు ఇచ్చారు. మూడు కొత్తవి, రెండు స్ట్రాడివరివి, ఒకటి క్రెమోనాకే చెందిన మరో పాత పనివాడు గ్వార్నేరిది. ఎక్కువమంది మెచ్చింది కొత్తదాన్ని, అందరికంటే తక్కువ మెచ్చింది ఒక స్ట్రాడివరిని. ఆ పాత గురువుల మీద నా భక్తి దీనివల్ల వీసమెత్తు తగ్గలేదు. ఇవాళ బతికున్న పనివాళ్ల మీద మాత్రం గౌరవం పెరిగింది. మన దగ్గర అలాంటి పనివాడు కనిపిస్తే బేరమాడకండి, ఆయన గీసేటప్పుడు కూర్చుని చూడండి.

ఇంట్లో పాత ఫిడేలు ఉన్నవాళ్లకి రెండు మాటలు. రేకుల కప్పు కింద అటక మీద పెట్టకండి, వేసవి వేడికి బంక వదులుతుంది. తెల్ల బంక దగ్గరికి రానివ్వకండి. తీగలు మార్చాలంటే ఒక్కొక్కటే మార్చండి. నాలుగూ ఒకేసారి వదిలేస్తే లోపలి పుల్ల పడిపోతుంది. అది పడి, కదిపినప్పుడు గలగలమంటే తీగలు మళ్లీ బిగించకండి, పై చెక్క కుంగిపోతుంది. ఎఫ్ రంధ్రంలోంచి పుల్ల బయటికి వచ్చేస్తే కాగితంలో చుట్టి ఫిడేలుతో పాటే తీసుకురండి. దాని రెండు కొసలూ ఆ పెట్టె వంపుకే గీసి ఉంటాయి.