పాత మియాటా నుంచి కొత్త మియాటాకు: నా అనుభవం

మాజ్డా సంస్థ తయారుచేసే చిన్న స్పోర్ట్స్ కారు మియాటా. కొత్త మియాటా స్టీరింగు రోడ్డు సంగతులేవీ చేతికి చెప్పదన్న మాటను దాన్ని నడిపినవాళ్లూ అంటారు, ఎన్నడూ నడపనివాళ్లూ అంటారు. నా దగ్గర 1992 నాటి మొదటి తరం మియాటా ఉంది. దాన్ని అమ్మి నాలుగో తరం కారు కొనాలని ఆలోచన వచ్చిన ప్రతిసారీ నన్ను వెనక్కి లాగింది ఈ మాటే. అందులో నిజమెంతో నాకు నేనుగా తేల్చుకోవాలనుకున్నాను. అనుకున్నంత తేలిగ్గా తేలలేదు.

మన దేశంలో మాజ్డా అనగానే చాలామందికి ఒకప్పటి స్వరాజ్ మాజ్డా మినీబస్సులే గుర్తొస్తాయి. అదే జపాన్ సంస్థ 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మియాటాను జనం ముందుకు తెచ్చింది. రెండు సీట్లు, వెనక్కి మడిచే గుడ్డ పైకప్పు, ముందు ఇంజను, శక్తి వెళ్లేది వెనక చక్రాలకు. తరాలు మారినా ఈ అమరిక మారలేదు. మొదటి తరాన్ని అభిమానులు ఎన్‌ఏ అనీ, 2015లో అమ్మకానికి వచ్చిన నాలుగో తరాన్ని ఎన్‌డీ అనీ పిలుస్తారు. నా ఎన్‌ఏలో ఉన్నది 1.6 లీటర్ల ఇంజను, 116 హార్స్‌పవర్. కారు బరువు టన్నుకు కాస్త అటూ ఇటూ. 2019లో మెరుగుపరిచిన ఎన్‌డీలో రెండు లీటర్ల ఇంజను 181 హార్స్‌పవర్ ఇస్తుంది. నన్ను అబ్బురపరిచింది మాత్రం శక్తి కాదు, బరువు. ఇన్ని ఎయిర్‌బ్యాగులు, ఇన్ని భద్రతా నిబంధనలు వచ్చి చేరిన తర్వాత కూడా కొత్త కారు పాతదానికంటే దాదాపు 70 కిలోలే ఎక్కువ. పొడవు చూస్తే పాతదానికంటే మూడు నాలుగు సెంటీమీటర్లు తక్కువే. ముప్పై ఏళ్లలో ఒళ్లు పెంచుకోని కారు ఇంకొకటి చెప్పమంటే నాకు వెంటనే పేరు తట్టదు.

నేను ఉండేది అమెరికాలో, అట్లాంటాకు ఉత్తరాన. డలోనెగా ఊరు దాటితే ఘాట్ రోడ్లు మొదలవుతాయి. నీల్ గ్యాప్ (ఇక్కడ గ్యాప్ అంటే కొండ కనుమ) ఎక్కి, వోగెల్ పార్కు దాటాక ఎడమకు తిరిగి, వుల్ఫ్ పెన్ గ్యాప్ రోడ్డు మీదుగా సూచెస్ అనే ఊరు చేరి, అక్కడి నుంచి వుడీ గ్యాప్ మీదుగా దిగివచ్చే ఒక చుట్టు ఉంది. మోటారు సైకిళ్లవాళ్లకు, చిన్న కార్లవాళ్లకు అది తీర్థయాత్ర లాంటిది. పోలిక అంటూ చేస్తే ఆ రోడ్డు మీదే చేయాలని మొదటే అనుకున్నాను.

ముందుగా షోరూముకు వెళ్లాను. మాన్యువల్ గేర్ల కారు దొరకడానికే చాలా చోట్లకు ఫోన్లు చేయాల్సి వచ్చింది. దొరికాక ట్రాఫిక్ సిగ్నళ్ల మధ్య నాలుగు వీధులు తిప్పి తెమ్మన్నారు. క్లచ్ తేలికగా ఉంది, గేరు చక్కగా పడుతోంది, సీటు బాగుంది. ఇంతకుమించి ఏమీ తెలియలేదు. ఇలాంటి కారును తిన్నని వీధిలో నడిపి చూడటం వల్ల ఉపయోగం లేదని అక్కడే అర్థమైంది.

ఇంటికి వచ్చాక ఇంకో సందేహం పట్టుకుంది. నా పాత కారు వయసు ముప్పై దాటింది. దాని కింద, చక్రాలను పట్టి ఉంచే కీళ్ల దగ్గర అదురును పీల్చుకునే రబ్బరు బుష్‌లు గట్టిపడి చిట్లాయి. షాక్ అబ్జార్బర్లు నీరసించాయి. అలాంటి కారును కొత్తదాని పక్కన నిలబెడితే పోలిక ఆ రెండు కార్ల రూపకల్పనల మధ్య జరగదు, కొత్త రబ్బరుకూ పాత రబ్బరుకూ మధ్య జరుగుతుంది. పాత కార్లను పొగిడేవాళ్లలోనూ తెగిడేవాళ్లలోనూ ఎక్కువమంది ఈ సంగతి పట్టించుకోరు. అందుకే కొత్తదాన్ని నడిపే ముందు పాతదాన్ని బాగుచేయించాను. బుష్‌లన్నీ కంపెనీ ఇచ్చిన రకానివే వేయించాను, గట్టి పాలీయురెథేన్‌వి వద్దన్నాను. షాకులు మార్పించాను. నాలుగు టైర్లూ కొత్తవి వేయించాను, అసలు సైజులోనే, 185/60, 14 అంగుళాలవి. చివర్లో వీల్ అలైన్‌మెంట్. ఇంత ఖర్చు అమ్మేసే కారు మీద ఎందుకని మా ఆవిడ అడిగింది. ఇది అమ్మాలో వద్దో తేల్చుకోవడానికి పెడుతున్న ఖర్చు అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

పని పూర్తయ్యాక కారు దాదాపు కొత్తగా పుట్టింది. గుంతలో పడితే వచ్చే టకటక శబ్దాలు పోయాయి. ఇన్నాళ్లూ ఈ కారు స్వభావం అనుకున్నవాటిలో కొన్ని అరిగిన భాగాల గోలేనని తెలిసింది. స్టీరింగు మధ్యలో ఉండే కొద్దిపాటి వదులు కూడా పోయింది.

ఆ తర్వాత, సొంత కార్లను అద్దెకిచ్చేవాళ్ల దగ్గర ఒక 2019 ఎన్‌డీని వారాంతానికి తీసుకున్నాను. క్లబ్ రకం, ఆరు గేర్ల మాన్యువల్. బిల్‌స్టైన్ కంపెనీ షాకులు, వెనక ఒక చక్రం జారినా రెండోదానికి శక్తి అందేలా చూసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉన్నది. ఒకే రోజున రెండు కార్లూ ఒకే రోడ్డు మీద నడవాలి కాబట్టి ఒక మిత్రుణ్ని తోడు రమ్మన్నాను. రెండింటికీ టైర్లలో గాలి పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడే సరిచూశాం.

కొండల దాకా హైవే మీద పోలికే లేదు. గంటకు 70 మైళ్ల వేగంలో నా పాత ఇంజను నిమిషానికి 3,600 చుట్లు తిరుగుతూ అరుస్తుంటుంది. కొత్తది ఆరో గేరులో 2,800 దగ్గరే ఉంటుంది. పాత కారులో వెనక అద్దం ప్లాస్టిక్‌ది. పైకప్పు దించాలంటే ముందు దాని జిప్పు విప్పి పడుకోబెట్టాలి, లేకపోతే మడతపడి పాడవుతుంది. కొత్తదానికి ఒక్క కొక్కెం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సీట్లోంచి కదలకుండా ఒక చేత్తో వెనక్కి తోసేయవచ్చు. రోజూ ఆఫీసుకు తీసుకెళ్లాల్సి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో ముగిసేది.

నీల్ గ్యాప్ ఎక్కేటప్పుడు పాత కారు నా చేతిలో ఉంది. నూనె ఒత్తిడితో సాయపడే దాని హైడ్రాలిక్ స్టీరింగు మలుపులోకి వెళ్లే కొద్దీ బరువెక్కుతుంది. ముందు టైర్లు పట్టు కోల్పోవడానికి సరిగ్గా ముందు ఆ బరువు కొంచెం తగ్గుతుంది. రోడ్డు మీద తారు అతుకులు, మలుపు లోపలి అంచున పరుచుకున్న సన్నటి కంకర అన్నీ వేళ్లకు అందుతాయి. గతుకు వస్తే కారు ముందుభాగం అంతా, విండ్‌షీల్డు చట్రంతో సహా, వణుకుతుంది. పైకప్పు లేని పాత కార్లలో అది మామూలే. ఇంజనుకు కింది చుట్లలో బలం తక్కువ. దాని లాగుడు 5,500 చుట్ల దగ్గర గాని పూర్తిగా రాదు. కాబట్టి ఎక్కుడులో ఊపు పోగొట్టుకుంటే మళ్లీ తెచ్చుకోవడం కష్టం. ప్రతి మలుపునూ ముందే ఆలోచించి, ఎక్కడ బ్రేకు వదలాలో, ఏ గేరులో ఉండాలో నిర్ణయించుకోవాలి. వేగ పరిమితి లోపలే ఒళ్లంతా పనిలో ఉంటుంది. ఈ కారును నేను ఇన్నేళ్లు అట్టిపెట్టుకోవడానికి కారణం అదే.

సూచెస్‌లో కార్లు మార్చుకున్నాం. వచ్చిన దారినే వుల్ఫ్ పెన్ గ్యాప్ వైపు వెనక్కి తిరిగాను. మొదటి కొన్ని మలుపుల్లో నాకు నిరాశే మిగిలింది. ఎన్‌డీ స్టీరింగుకు సాయపడేది ఎలక్ట్రిక్ మోటారు. తిప్పితే చురుగ్గా, కచ్చితంగా తిరుగుతుంది. అయితే చేతికి అందే బరువు మలుపు పొడవునా ఒకేలా ఉంది. కంకర మీదుగా పోయినా వేళ్లకు తెలియలేదు. జనం అన్నది నిజమే అనుకున్నాను. దానికి తోడు కారు బాగా ఒరుగుతోంది. స్పోర్ట్స్ కారు ఇంతగా ఒరగడమేమిటని విసుగొచ్చింది.

మలుపులు ఒకదాని వెంట ఒకటి వస్తున్నకొద్దీ ఆ ఒరగడంలోనే ఒక క్రమం కనిపించింది. స్టీరింగు తిప్పగానే కారు బయటి వైపుకు తొందరగా ఒరుగుతుంది, ఆ తర్వాత ఒక చోట ఆనుకొని నిలబడుతుంది. ఎంత ఒరిగిందన్నదే టైర్ల మీద ఎంత భారం పడుతోందో చెబుతోంది. యాక్సిలరేటరు కొంచెం వదిలితే ముక్కు లోపలికి తిరగడం, నొక్కితే వెనకభాగం కుదురుకొని కూర్చోవడం నడుము దగ్గర, సీటు పక్క దిండ్ల దగ్గర స్పష్టంగా తెలుస్తున్నాయి. ఎన్‌డీలో డ్రైవరు సీటు కిందికి, వెనక ఇరుసుకు దగ్గరగా ఉంటుంది. కారు దేని చుట్టూ తిరుగుతోందో అది మన తుంటి కిందే ఉన్నట్టు ఉంటుంది. పాత కారు తన సంగతులన్నీ ముందు టైర్ల నుంచి చేతులకు పంపేది. కొత్తది వాటిని వెనక నుంచి, మొత్తం దేహం గుండా పంపుతోంది. నేను ఎప్పటి అలవాటు కొద్దీ వేళ్ల దగ్గరే వెతుకుతున్నాను. అది గమనించాక స్టీరింగును గట్టిగా పట్టుకోవడం మానేసి, సీటుకు బాగా ఆనుకొని, మలుపులోకి ముందు కంటే నెమ్మదిగా తిప్పడం మొదలుపెట్టాను. కారు అప్పటి నుంచి తేటగా అర్థమైంది. వుల్ఫ్ పెన్ గ్యాప్ రోడ్డు చివరికి వెళ్లి మళ్లీ తిరిగొచ్చాను. రెండోసారి నడిపింది వేరే కారేమో అనిపించింది.

ఇంజను సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. 2019లో మాజ్డా ఈ ఇంజనులో ఒక్కో పిస్టన్ బరువు 27 గ్రాములు, ఒక్కో కనెక్టింగ్ రాడ్ బరువు 41 గ్రాములు తగ్గించి, గరిష్ఠ చుట్లను 6,800 నుంచి 7,500కు పెంచింది. గ్రాముల లెక్క కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది. ఎక్కుడులో రెండో గేరులో ఆ ఇంజను చివరిదాకా సాగుతుంటే అది చిన్న పని కాదని తెలుస్తుంది. పాతదానిలా ఊపును దాచుకోవాల్సిన అవసరం లేదు, కింది నుంచే లాగుతుంది. గేర్ల విషయంలో రెండూ సమానమే అంటాను. రెండింటిలోనూ మణికట్టు కదిపితే చాలు, గేరు పడుతుంది. హైదరాబాదులో మారుతీ 800 మీద ఎడమ చేత్తో గేర్లు నేర్చుకున్న నాకు, ఇక్కడ కుడి చేతికి ఆ విద్య పూర్తిగా అబ్బింది పాత మియాటాలోనే. బ్రేకు మీద ఉంచిన పాదం అంచుతోనే యాక్సిలరేటరును తట్టి గేరు దించడానికి పెడళ్ల అమరిక కూడా రెండింటిలో కుదురుగానే ఉంది.

మిత్రుడు పాత కారు దిగుతూ చేతులు విదిలించుకుని, “అన్నా, ఇది నడపడం పనే. కానీ ముప్పై ఐదు మైళ్ల వేగంలో ఇంత ఆనందం నా కారులో ఎప్పుడూ దొరకలేదు” అన్నాడు. అతను చెప్పింది సరైనదే. కొత్త కారులో అదే ఆనందం కావాలంటే ఇంకో పది పదిహేను మైళ్ల వేగం కావాలి. కొత్త కారులో నాకు కనిపించిన అసలు లోటు ఇది. స్టీరింగు గురించి చెప్పే లోటు అలవాటుతో చాలావరకు తీరుతుంది, ఇది తీరదు. చట్రం గట్టిపడింది, టైర్లు వెడల్పయ్యాయి, పట్టు పెరిగింది. కారును దాని హద్దు దగ్గరకు తీసుకెళ్లాలంటే ఎక్కువ వేగం కావాలి, మామూలు రోడ్డు మీద ఆ వేగం తప్పు.

కొన్ని నెలల తర్వాత వాడిన 2019 క్లబ్ ఒకటి దొరికింది, కొన్నాను. కొన్నాక చేయించిన మొదటి పని అలైన్‌మెంట్. ఎన్‌డీలో ముందు చక్రాల క్యాంబరు (చక్రం లోపలికో బయటికో వాలే కోణం), క్యాస్టరు (చక్రం ఏ ఇరుసు చుట్టూ పక్కకు తిరుగుతుందో అది వెనక్కి వాలే కోణం) రెండూ సర్దుకోవచ్చు. కంపెనీ అనుమతించిన పరిధిలోనే క్యాస్టరును పైకొసకు, క్యాంబరును కొంచెం లోపలికి పెట్టమని చెప్పాను. అలైన్‌మెంట్ చేసే అతను ముందు తెరమీద అంకెలన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి కదా, ఇంకెందుకన్నాడు. ఎందుకో వివరించాక ఓపిగ్గా చేశాడు. దాంతో స్టీరింగుకు మలుపులో కొంత బరువు వచ్చింది. మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు స్టీరింగు తనంతట తాను తిన్నగా రావడం కూడా మెరుగైంది. కంకర ఇప్పటికీ వేళ్లకు తెలియదు. కొత్తగా ఎన్‌డీ కొనేవాళ్లు వేరే భాగాలేవీ కొనకముందు ఈ పని చేయించాలని నేను గట్టిగా చెబుతాను. 2024 మోడల్ నుంచి మాజ్డాయే స్టీరింగు వ్యవస్థలో రాపిడి తగ్గించి, వెనక డిఫరెన్షియల్‌ను మార్చింది. కొత్తది కొనగలిగినవాళ్లు దాన్ని కూడా ఘాట్ రోడ్డు మీద నడిపి చూడాలి.

పాతదాన్ని అమ్మలేదు. దూరం వెళ్లాలన్నా, మా ఆవిడతో మాట్లాడుకుంటూ వెళ్లాలన్నా ఎన్‌డీ తీస్తున్నాం. ఆదివారం పొద్దున్నే ఊరి చుట్టూ ఉన్న సన్నటి రోడ్ల మీదికి ఎన్‌ఏ తీస్తున్నాను. ఇంజను వాల్వులు సమయానికి తెరుచుకునేలా చూసే దాని టైమింగ్ బెల్టును ప్రతి 60,000 మైళ్లకు మార్చాలి, ఆ గడువు దగ్గరపడింది. వాటర్ పంపును తిప్పేది వేరే బెల్టే అయినా, పంపు విప్పాలంటే టైమింగ్ బెల్టు ఎలాగూ తీయాలి. అందుకే రెండూ ఒకేసారి మార్పించాలని ఈ శీతాకాలానికి మెకానిక్ దగ్గర రోజు ఖాయం చేసుకున్నాను.