బోసు గారి రైల్వే టైమ్‌టేబుల్

కలకత్తాకు బయలుదేరిన మా రైలు నాలుగు గంటలు ఆలస్యంగా షాలిమార్ స్టేషన్ చేరింది. హౌరాలో దిగే రోజుల్లో గుమ్మం దాటగానే బస్సు దొరికేది. ఇక్కడ టాక్సీవాళ్లు చెప్పిందే ధర. రాజాబజార్‌కు ఆరువందలు అడిగి, ఐదువందల దగ్గర బిగుసుకుపోయాడు. ఆ చిరాకు తగ్గడానికి రెండు రోజులు పట్టింది. కాళీఘాట్, విక్టోరియా అందులోనే గడిచిపోయాయి.

మూడో రోజు ఆచార్య జగదీశ్ చంద్ర బోసు పరికరాలు చూడటానికి బోస్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లాను. ఇత్తడి గరాటుల్లాంటి కొమ్ములు, వరుసగా పేర్చిన సన్నని ఉక్కు స్ప్రింగులు. తీగ లేకుండా కబురు మోసే రేడియో అలలు తగలగానే స్ప్రింగులు తాకే చోట విద్యుత్ నిరోధం మారుతుంది, కరెంటు పెరుగుతుంది. ఆ మార్పే కబురు అందిందనడానికి గుర్తు. ప్రెసిడెన్సీ కాలేజీలో భారతీయుడని జీతం తగ్గించి ఇస్తామంటే, మూడేళ్లు ఒక్క పైసా ముట్టకుండా పాఠాలు చెప్పిన మనిషి చేయించుకున్న సరంజామా ఇది.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఆయన వాడిన ఒక పుస్తకం సంగతి. బ్రాడ్‌షా రైల్వే టైమ్‌టేబుల్! పుటల మధ్య పలచని తగరపు రేకులు పెట్టారు. అలలోని విద్యుత్ కంపనం రేకులకు అడ్డంగా ఉంటే పుటల సందుల్లోంచి దూరిపోతుంది, రేకుల వెంబడి ఉంటే ఆగిపోతుంది. పుస్తకాన్ని నిలువు నుంచి అడ్డానికి తిప్పితే చాలు, దారి మూసుకుంటుంది. మిల్లీమీటర్లలో కొలిచే అలలు కాబట్టే చేతిలో ఇమిడే పుస్తకంతో ఆ పని జరిగింది.

సామర్లకోటలో మా నాన్న ఏటా రైల్వే టైమ్‌టేబుల్ కొనేవారు. ఎన్నడూ ఎక్కని బళ్ల వేళల కింద కూడా ఎర్ర పెన్సిలుతో గీతలు గీసేవారు. పొరపాటున కాలు తగిలితే కళ్లకద్దుకోమనేవారు. ఆయన ఉంటే ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పించుకునేవారో!

సాయంత్రం టౌన్ హాలుకు నడిచాను. 1813 నాటి కట్టడం, లావుపాటి తెల్లని స్తంభాలు. 1895లో బోసు ఇక్కడే, తీగ లేకుండా, గోడల అవతల డెబ్బై అయిదు అడుగుల దూరంలో గంట మోగించారు, తుపాకిమందు పేల్చారు. శాస్త్రవేత్త నికోలా టెస్లా న్యూయార్క్‌లో తీగ లేకుండా పడవ నడిపి చూపింది 1898లో. పడవను ఇష్టం వచ్చినట్టు మళ్లించడం పెద్ద విద్యే, కాదనను. కానీ మనిషి ముట్టకుండా, తీగ తాకకుండా దూరాన ఒక పని జరగడమనేది మూడేళ్ల ముందే కలకత్తా జనం కళ్లారా చూశారు. రిమోట్ కంట్రోల్ కథ చెప్పేవాళ్లు ఆ గంటను వదిలేసి పడవతో మొదలుపెడితే నాకు కష్టంగా ఉంటుంది.

డెబ్బై అయిదు అడుగులంటే ఎంతో చూద్దామని గోడ వెంట అంగలు లెక్కపెట్టాను. ముప్పై అయ్యాయి. సామర్లకోటలో మా వీధి గుమ్మం నుంచి పెరటి బావి దాకా అంతే ఉంటుంది.