తుంగను పీకొద్దు, తవ్వండి

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తెగ తిరుగుతోంది. వెనిగర్, ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి కొడితే కలుపు మాయమట. పైన ఆకు మాడిపోయే మాట నిజమే. కానీ తుంగ అనే కలుపుకు మట్టిలో గడ్డ ఉంటుంది, దానికేమీ కాదు. ఉప్పు మాత్రం ఆ మట్టిలోనే ఉండిపోతుంది. అసలే మా బోరు నీళ్ళు ఉప్పు. వంటింట్లో దొరికిందల్లా ‘నేచురల్’ అంటే నేను ఒప్పుకోను.

మాది తిరుచానూరు పక్క. పెరడు చిన్నదే, ఇసుక కలిసిన నేల. టమాటా, వంగ, రెండు కరివేపాకు చెట్లు, మిగిలిన చోటంతా తుంగే. లాగితే పిలక చేతికొస్తుంది, గడ్డ తెగి లోపలే మిగులుతుంది. ఒక గడ్డ నుంచి ఇంకో గడ్డకు సన్నటి కాడలు పాకి, రుద్రాక్షమాల లాగా వరసగా అల్లుకుని ఉంటాయి. ఆ వరస తెగితే అప్పటిదాకా ఊరికే పడున్న గడ్డలు కూడా మొలకెత్తుతాయి. అంటే పీకేకొద్దీ పెంచుతున్నట్టే.

దీనికి మందు మన ఎండే. ఏప్రిల్, మే నెలల్లో ఆ మడికి నీళ్ళు ఆపేస్తాను. మట్టి పొడిబారాక పారతో జానెడు లోతు తిరగేసి, గడ్డలు పైకి తేలేలా వదిలేస్తాను. లోపలి తడి పూర్తిగా ఆరిపోయిన గడ్డ ఇక మొలవదు. వారం పోయాక మళ్ళీ తిరగేయాలి. మధ్యలో గాలివాన వచ్చిందా, పని మొదటికొస్తుంది. నల్ల ప్లాస్టిక్ షీటు పరిస్తే చాలంటారు గానీ, తుంగ మొన దాన్ని కూడా పొడుచుకుని పైకొస్తుంది. తుంగకు గిట్టనిది నీడ. అందుకే తొలకరికి అదే మడిలో గెనుసుగడ్డ తీగలు దగ్గర దగ్గరగా నాటతాను. తీగ నేలంతా కమ్ముకుంటే కింద తుంగ పాలిపోయి బలహీనపడుతుంది. ఒక్క ఏడాదిలో పోతుందని మాత్రం ఆశపడకండి.

విత్తనంతో మొలిచే కలుపుకైతే షీటు బాగా పనిచేస్తుంది. అయితే నల్లది కాదు, అవతలికి కనిపించే తెల్ల షీటు. మట్టి బాగా తడిపి, షీటు పరిచి, అంచులు మట్టిలో కప్పేసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఎండలో ఉంచాలి. లోపలి వేడికి పైపొరలోని విత్తనాలు చాలావరకు చచ్చిపోతాయి. తీశాక మట్టిని లోతుగా తవ్వితే అడుగు విత్తనాలు పైకొస్తాయి, అది చేయకూడదు.

మొక్కల మధ్య ఖాళీ నేలకు నేను చెనిక్కాయ పొట్టు పరుస్తాను. మన జిల్లాలో దానికి కరువు లేదు. మూడు అంగుళాల మందం ఉండాలి, పలచగా చల్లితే కలుపు అందులోంచే వస్తుంది. కాండానికి మాత్రం తగలనివ్వొద్దు, మొదలు కుళ్ళుతుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి, దసరా లోపే పరిచేస్తే నయం.

అన్నీ పీకి పారేసేవే కాదు. గంగపాయలాకు, చెంచలాకు మొలిస్తే మా అత్త నన్ను ముట్టుకోనివ్వదు. “ఉండు, పప్పులోకి కోస్తా” అంటుంది. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు గంగపాయలాకు తగ్గించుకోవడం మంచిది. వినాయక చవితికి కావాలని గరికను నేనే ఒక తొట్టిలో ఉంచాను. నేలలో ఉంచితే పాకేస్తుంది.

వయ్యారిభామ (పార్థీనియం) అనే కలుపుతో మాత్రం మొహమాటం వద్దు. ఒక్క మొక్క వేలల్లో విత్తనాలు రాలుస్తుంది. దాని పుప్పొడితో ఆయాసం, తగిలితే చర్మం దురద. వాన పడ్డాక, పూత రాకముందే, గ్లవుజులు వేసుకుని వేరుతో సహా పీకాలి. దాని ఆకు మీద గోధుమరంగు చారల చిన్న పెంకుపురుగులు కనిపిస్తే చంపకండి. మెక్సికో నుంచి తెప్పించి, 1984లో బెంగళూరులో ఈ మొక్క మీదికే వదిలిన జాతి అది.

కడప బండల సందుల్లో మొలిచేదానికి ఇంత ప్రయాస అక్కర్లేదు. మరిగే నీళ్ళు పోస్తే చాలు. తులసికోట పక్కనైతే చూసి పోయండి.