పింఛను ముట్టుకోం అంటే సరిపోదు

బడ్జెట్ కసరత్తు మొదలైతే వృద్ధులకు ముందుగా దొరికే హామీ "మీ పింఛను జోలికి పోం" అన్నదే. జోలికి పోకపోవడమే ఒక్కోసారి కోత. వారానికి 200 వచ్చే పింఛను ఐదేళ్లు కదలకుండా ఉండి, ధరలు ఏటా 4 శాతం పెరిగాయనుకోండి. ఐదేళ్ల తర్వాత ఆ 200తో వచ్చే సరుకు, మొదట్లో 164కు వచ్చినంతే.

అయితే రేటొక్కటే చూస్తే మోసపోతాం. ఐర్లాండ్‌లో పనిచేసిన కాలంలో చందాలు కట్టినవారి పూర్తి పింఛను 2009లో వారానికి 230.30 యూరోలు. అప్పటి ఆర్థిక సంక్షోభంలో పనిచేసే వయసువారి భత్యాలు కోసినా దీన్ని తగ్గించలేదు, 2016లో 233.30 అయ్యేదాకా అక్కడే నిలిపారు. మొదటి రెండేళ్లు అక్కడ ధరలే తగ్గాయి కాబట్టి ఆ స్తంభన పెద్దగా తెలియలేదు. దెబ్బ పక్కనుంచి పడింది. 2009లో పింఛనుదారులకు ఏడాది చివర అదనంగా ఇచ్చే క్రిస్మస్ బోనస్ పోయింది. 2010లో, తక్కువ ఆదాయంవారికి ఉచిత వైద్యం కోసం ఇచ్చే మెడికల్ కార్డు ఉన్నవారికి కూడా, చీటీలో రాసిన ఒక్కో మందుకు 50 సెంట్ల రుసుము పెట్టారు. 2013 చివరికి అది 2.50 యూరోలైంది. 2014లో టెలిఫోన్ భత్యం ఎత్తేశారు. రేటు మాత్రం భద్రం!

పెంపును ఏటా మంత్రుల దయకు వదలకుండా సూత్రానికి కట్టేయడం బ్రిటన్ పద్ధతి. 2000 ఏప్రిల్‌లో అక్కడ ధరల లెక్క ప్రకారం 1.1 శాతం పెంచితే, వారానికి దక్కింది 75 పెన్నీలు, అంటే ముప్పావు పౌను. పెద్ద గొడవైంది. సూత్రానికి కనీస హద్దు ఎందుకుండాలో దీన్నిబట్టే అర్థమవుతుంది. 2011 నుంచి నడుస్తున్న ‘ట్రిపుల్ లాక్’ (మూడు తాళాల) పద్ధతిలో ధరల పెరుగుదల, సగటు వేతనాల పెరుగుదల, 2.5 శాతం, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే అది ఇస్తారు.

దీనికీ రెండు లోపాలున్నాయి. ధరల అంకె సెప్టెంబరుది, పెంపు అమలయ్యేది మరుసటి ఏప్రిల్‌లో. 2022లో ఈ ఏడు నెలల ఎడమే కొంప ముంచింది: పెంపు 3.1 శాతం, ఏప్రిల్ నాటికి ద్రవ్యోల్బణం 9 శాతం. రెండోది, తాళం వేసినవాళ్లే తీయగలరు. కోవిడ్ తర్వాత వేతనాల అంకె 8.3 శాతం వచ్చేసరికి, అది అసహజమంటూ ఆ ఏడాదికి చట్టం చేసి పక్కన పెట్టారు. లేకుంటే ఆ 3.1 స్థానంలో 8.3 ఉండేది.

కాబట్టి బడ్జెట్ పత్రంలో శాతం కన్నా ముందు అది ఏ నెల అంకెతో కట్టిందో, ఎప్పటినుంచి అమలో చూడాలి. తర్వాత, అది పింఛనులో ఏ భాగానికి వర్తిస్తుందో. బ్రిటన్‌లో పాత పద్ధతిలో సంపాదనను బట్టి మూల పింఛనుకు తోడయ్యే అదనపు పింఛను భాగం ధరల సూచీతో మాత్రమే పెరుగుతుంది, దానికి ట్రిపుల్ లాక్ లేదు. ఐర్లాండ్‌లో 2025కు ప్రకటించిన 12 యూరోలు పూర్తి రేటువారికి. తక్కువ రేటువారికి దామాషాలో అంతకన్నా తక్కువే.

ఇక బ్రిటన్ పింఛను అందుకుంటూ భారత్‌లో స్థిరపడినవారికి ఏ సూత్రమూ లేదు. ఇక్కడికి వచ్చేనాటికి ఎంత అందుతోందో, ఇక్కడున్నన్నాళ్లూ అంతే.